తార్నాకలో కూర్చుని నాన్నకి ఇచ్చిన తప్పు సలహా: వరి ఎండాకు తెగులు కథ

 

ఈరోజు ఎపిసోడ్ ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోంచి రికార్డ్ చేస్తున్నా. నా వెనకాల కనిపిస్తున్నది ఆర్ట్స్ కాలేజీ. పొద్దున ఆరున్నర అయింది, వాకింగ్‌కి వచ్చినవాళ్ళు తిరుగుతున్నారు, మధ్యలో ఎవరి మాటలైనా వినపడితే ఏమనుకోకండి.

ఈరోజు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. ఇక్కడ జెనెటిక్స్ ఎమ్మెస్సీ చదువుతూ, తార్నాకలో రూమ్‌లో మంచం మీద కూర్చుని, ఫోన్‌లో ఒక ఫోటో చూసి మా నాన్నకి ఇచ్చిన సలహా అది. ఆ సలహా వల్ల మూడెకరాల వరి దెబ్బతిన్నది. మీలో చాలామందికి ఊరి నుంచి ఇలాంటి ఫోటోలు వస్తుంటాయి కదా. "చదువుకున్నవు, ఏందో చూసి చెప్పు" అంటారు. వాళ్ళకి జవాబు చెప్పే ముందు ఈ పదిహేను నిమిషాలు నాతో ఉండండి.

మాది మిర్యాలగూడ దగ్గర ఒక ఊరు. నాగార్జున సాగర్ ఎడమ కాలువ నీళ్ళు మావి. వానాకాలం వరి అంటే మా నాన్నకి ఒకటే పేరు, బీపీటీ. పూర్తి పేరు బీపీటీ 5204. సాంబ మసూరి అన్నా అదే. బాపట్ల పరిశోధన కేంద్రంలో తయారై 1986లో విడుదలైంది. సన్నగింజ, అన్నం మెత్తగా విడివిడిగా ఉంటుంది, మిల్లు వాళ్ళు అడిగి కొంటారు. మీ ఇంట్లో సన్నబియ్యం బస్తా ఉంటే అది ఈ రకమో, దీని చుట్టమో అయి ఉండొచ్చు. దీనికి ఒకటే బలహీనత. తెగుళ్ళకి తొందరగా లొంగిపోతుంది. ముఖ్యంగా ఎండాకు తెగులుకి.

నేను ఎమ్మెస్సీ ఫస్టియర్‌లో ఉన్నప్పటి మాట. సెప్టెంబర్ చివర్లో నాలుగు రోజులు ముసురు పట్టింది. వాన కంటే గాలి ఎక్కువ. తెరిపి ఇచ్చాక నాన్న వాట్సాప్‌లో ఒక ఫోటో పెట్టారు, వెంట ఒక వాయిస్ మెసేజ్. "బిడ్డా, ఆకులు పసుపుపచ్చగ అయితున్నయ్, ఏందో చూసి చెప్పు."

చూశాను. ఒక్క ఆకు, దాని చివర పసుపు. వరిలో నత్రజని తక్కువైతే ఆకు పసుపు తిరుగుతుందని ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది. వెంటనే ఫోన్ చేసి, "వానకి కొట్టుకపోయి నత్రజని తక్కువైనట్టుంది నాయినా, యూరియా వెయ్యి" అన్నాను. మొత్తం రెండు నిమిషాలు. ఊళ్ళో మందుల షాపులో కూడా యూరియానే వెయ్యమన్నారట, వెంట ఒక మందు సీసా కూడా ఇచ్చారట. రెండు చోట్లా ఒకటే మాట వచ్చేసరికి నాన్నకి నమ్మకం కుదిరింది. ఎకరానికి ఒక బస్తా చొప్పున యూరియా చల్లించారు.

పది రోజులకి ఇంకో ఫోటో వచ్చింది. ఈసారి ఆకు కాదు, మడి మొత్తం. ఆకులన్నీ చివర నుంచి కిందికి ఎండుగడ్డి రంగు. పైరు అప్పటికి పొట్ట దశలో ఉంది. మా దగ్గర మంచి ఏడాది అయితే ఎకరానికి 75 కిలోల బస్తాలు 25 దాకా వచ్చేవి. ఆ ఏడాది 14 వచ్చాయి. మిగిలిందంతా తాలు.

రెండో ఫోటో వచ్చిన రోజే డిపార్ట్‌మెంట్‌లో ఒక సార్ దగ్గరికి పరిగెత్తాను. ఫోన్ చూపించాను. ఆయన ఫోటో సరిగ్గా చూడనుకూడా లేదు, నన్నే మూడు ప్రశ్నలు అడిగారు. "పసుపు ముందు కింది ఆకుల్లో మొదలైందా, పై ఆకుల్లోనా? ఆకంతా ఒకేలా పాలిపోయిందా, అంచుల వెంబడి చారల్లా దిగిందా? తెల్లారగట్ల ఆకు మీద చిన్న చిన్న చుక్కలు ఏమైనా కనిపించాయా?"

ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. నేను నాన్నని ఏమీ అడగలేదు కదా.

సార్ అన్నారు, "ఊరెళ్ళమ్మా. ఒక గాజు గ్లాసు, శుభ్రమైన నీళ్ళు, ఒక కత్తెర. అంతే చాలు, ల్యాబ్ అక్కర్లేదు."

సికింద్రాబాద్‌లో రైలెక్కి వెళ్ళాను. ఇప్పుడు చెప్పే పరీక్ష జాగ్రత్తగా వినండి, మీ పొలంలో కూడా చేసుకోవచ్చు. ఎండుతున్న ఆకు ఒకటి తీసుకోవాలి. పూర్తిగా ఎండిన భాగం పనికిరాదు. ఎండిన భాగం, పచ్చటి భాగం కలిసే చోట చిన్న ముక్క కత్తిరించాలి. కత్తిరించిన కొస నీళ్ళలో మునిగేలా గ్లాసులో పెట్టి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని కదపకుండా చూడాలి. కొన్ని నిమిషాల్లో ఆ కొస నుంచి తెల్లటి పొగ లాంటిది నీళ్ళలోకి జారుతుంది. అగరుబత్తి పొగ తలకిందులుగా దిగుతున్నట్టు ఉంటుంది. అది బాక్టీరియా, లక్షలకి లక్షలు. నత్రజని లోపమైతే ఏమీ రాదు, నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి.

మా గ్లాసులో పొగ దిగింది. నాన్న గట్టు మీద కూర్చుని గ్లాసుని అలాగే చూస్తూ, "ఇదంత పురుగానా బిడ్డా?" అన్నారు. "పురుగు కాదు నాయినా, బాక్టీరియా. దీనికి నేను యూరియా వెయ్యమన్నా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. గ్లాసులో నీళ్ళు గట్టు అవతల పారబోసి, చెయ్యి కడుక్కుని, "అన్నం తిందాం పా" అన్నారు. తిట్టినా బాగుండేది.

సరే, అసలు ఏం జరిగిందో చూద్దాం. దీన్ని బాక్టీరియా ఎండాకు తెగులు అంటారు. కారణం జాంథోమోనాస్ ఒరైజే అనే బాక్టీరియా. వరి వేడి, తేమ ఉన్న దేశాల పంట. ఆ వేడి, ఆ తేమే ఈ బాక్టీరియాకి కూడా కావాలి. వరి ఆకు అంచుల్లో నీరు బయటికి వచ్చే సన్నటి రంధ్రాలుంటాయి. తెల్లారి ఆకు కొసల మీద నీటి బొట్లు చూసే ఉంటారు. వానకి, గాలికి ఆకులు ఒకదానికొకటి రాసుకున్నప్పుడు ఆ రంధ్రాల గుండా, గాయాల గుండా బాక్టీరియా లోపలికి పోతుంది. లోపల నీరు పారే నాళాల్లో పెరుగుతుంది. అందుకే మచ్చ ఆకు మధ్యలో పడదు, కొస నుంచి అంచుల వెంబడి అలల్లాగా కిందికి దిగుతుంది. పొద్దున పూట ఆ మచ్చల మీద పాలలాంటి చిన్న బొట్లు కనిపిస్తాయి, ఎండాక అవే పసుపు పూసల్లా అవుతాయి. ఆ బొట్టు వానతో పక్క మొక్కకి, పారే నీళ్ళతో పక్క మడికి పోతుంది.

నత్రజని లోపం వేరు. అది ముసలి ఆకుల్లో, అంటే కింది ఆకుల్లో ముందు వస్తుంది. మొక్క తన దగ్గర ఉన్న కాస్త నత్రజనిని కింది నుంచి తీసి కొత్త ఆకులకి పంపుతుంది కాబట్టి కింది ఆకులు పాలిపోతాయి. అంచు చారలు, అలలు ఉండవు. మడిలో చాలా మొక్కలు ఒకేలా కనిపిస్తాయి. సార్ అడిగిన మూడు ప్రశ్నలూ ఇందుకే.

మరి యూరియా వేస్తే ఎందుకు పెరిగింది? నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తగా, ఏపుగా, గుబురుగా వస్తుంది. గాలి ఆడదు, తేమ ఆరదు. బాక్టీరియాకి అంతకంటే మంచి ఇల్లు ఉండదు. నేను నాన్నతో తెగులుకి మేత వేయించానన్నమాట.

అయితే ఏం చెయ్యాలి? తెగులు కనపడగానే యూరియా పైపాటు ఆపెయ్యాలి. మడిలో నీళ్ళు తీసేసి కొన్నాళ్ళు ఆరబెట్టాలి. తెగులున్న మడి నుంచి బాగున్న మడికి నీళ్ళు పారనివ్వకూడదు. ఆకులు తడిగా ఉన్నప్పుడు తెగులున్న మడిలో తిరిగి, అదే కాళ్ళతో పక్క మడిలోకి దిగకూడదు. పొటాష్ సరిపడా వేసి ఉండాలి. ఇంకోటి, మా ఊళ్ళో అందరూ చేసే పని. నారు ముదిరి పొడుగైతే నాటే ముందు కొసలు తుంచేస్తారు. ఆ తుంచిన ప్రతి కొసా బాక్టీరియాకి తలుపు తెరిచినట్టే. ఈ తెగులు వచ్చే ప్రాంతంలో కొసలు తుంచొద్దు, లేత నారే నాటండి.

మందు సంగతి అడుగుతారు. బాక్టీరియా నాళాల లోపల ఉంటుంది, మనం కొట్టే మందు ఆకు పైన పడుతుంది. ముదిరాక సీసాల మీద సీసాలు కొడితే డబ్బు పోవడమే తప్ప పెద్దగా లాభం ఉండదు. మనుషులకి వాడే యాంటీబయాటిక్‌లనే పొలాల్లో కొడితే రేపు మనకి జబ్బు చేసినప్పుడు అవి పనిచెయ్యకుండా పోయే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే సిగ్గనిపించిన విషయం. ఊరి నుంచి తిరిగొచ్చి ఈ తెగులు గురించి చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే ఒక పేరు తగిలింది. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి. అచ్చం బీపీటీనే, కానీ ఎండాకు తెగులుని తట్టుకుంటుంది. 2008లో విడుదలైంది. ఎవరు తయారు చేశారంటే, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, దాంతోపాటు సీసీఎంబీ. సీసీఎంబీ ఎక్కడుంది? హబ్సిగూడలో! తార్నాక నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్. రోజూ ఆ గోడ పక్క నుంచే వెళ్ళేదాన్ని. మా నాన్న పొలానికి కావలసిన విత్తనం నా రూమ్‌కి అంత దగ్గర్లో తయారైంది, ఆ సంగతి నాకూ తెలీదు, మా నాన్నకీ తెలీదు.

దాన్ని ఎలా చేశారో చెప్తాను, చాలా ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది. సీసీఎంబీలో రమేశ్ సొంటి గారి బృందం, వరి సంస్థలో ఆర్.ఎం. సుందరం గారి లాంటి శాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు. ఈ తెగులుని ఎదిరించే జన్యువులు కొన్ని వరి జాతుల్లో ముందే ఉన్నాయి. వాటిలో పేరున్నది ఎక్స్‌ఏ 21. అది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. గింజ పనికిరాని గడ్డి లాంటి మొక్క అది. దానికి తోడు ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అనే ఇంకో రెండు. ఈ మూడూ కలిసి ఉన్న ఎస్‌ఎస్ 1113 అనే వరిని పంజాబ్‌లో అప్పటికే తయారు చేసి ఉంచారు. దాన్ని మన సాంబ మసూరితో సంకరం చేశారు.

మూడు ఎందుకంటే, బాక్టీరియా కూడా మారుతూ ఉంటుంది. ఒక్క తాళం వేస్తే ఎప్పుడో ఒకప్పుడు దాని తాళంచెవి దొరికించుకుంటుంది. ఒకే తలుపుకి మూడు తాళాలుంటే చాలా కష్టం.

సంకరం చేస్తే పుట్టిన మొక్కలో సగం సాంబ మసూరి, సగం పంజాబ్ వరి. మిల్లు వాళ్ళకి, తినేవాళ్ళకి అది వద్దు. అందుకే ఆ పిల్ల మొక్కని మళ్ళీ సాంబ మసూరితోనే కలిపారు. అలా నాలుగుసార్లు. లెక్క చూడండి. ఒకసారికి 75 శాతం సాంబ మసూరి, రెండోసారికి 87, మూడోసారికి 93, నాలుగోసారికి దాదాపు 97 శాతం. ప్రతిసారీ పుట్టిన మొక్కల్లో ఆ మూడు జన్యువులూ వచ్చినవి ఏవో తెలియాలి. మామూలుగా అయితే కత్తెరని బాక్టీరియా నీళ్ళలో ముంచి ఆకు కొస కత్తిరించి, రెండు వారాలు ఆగి మచ్చ ఎంత పొడుగు వచ్చిందో కొలవాలి. అలా చూస్తే ఒక జన్యువు ఉందా, మూడూ ఉన్నాయా తేలడం కష్టం. ఒకటి గట్టిగా పనిచేస్తే మిగతావి దాని వెనక దాక్కుంటాయి. పైగా ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా వస్తేనే పనిచేస్తాయి.

అందుకే మార్కర్లు వాడారు. కోవిడ్ అప్పుడు పీసీఆర్ టెస్ట్ చేయించుకున్నాం కదా, దాదాపు అలాంటిదే. చిన్న ఆకు ముక్క నుంచి డీఎన్ఏ తీసి పీసీఆర్ చేస్తే ఏ మొక్కలో ఏ జన్యువు ఉందో తెలిసిపోతుంది. కావలసిన మొక్కల్నే ఉంచుతారు. నేను ల్యాబ్‌లో రోజూ చేసే పని ఇదే! నా చేతిలో ఉన్న పీసీఆర్‌కీ మా నాన్న చేతిలో ఉన్న ఎండిన ఆకుకీ సంబంధం ఉందని అప్పటిదాకా ఒక్కసారి కూడా అనుకోలేదు.

కామెంట్స్‌లో ఎప్పుడూ వచ్చే ప్రశ్న, ఇది జీఎం పంటా అని. కాదు. బయట నుంచి జన్యువుని ఎక్కించలేదు. వరితో వరిని, పువ్వుతో పువ్వుని కలిపారు, మార్కర్లు ఏది ఉంచాలో ఎంచుకోవడానికి మాత్రమే. హైబ్రిడ్ కూడా కాదు. మామూలు సూటి రకం కాబట్టి మన పంటలోంచే విత్తనం ఉంచుకోవచ్చు.

ఇంకో మాట, ఇది కూడా తార్నాకదే. ఇక్కడ నడిచి వెళ్ళేంత దూరంలో జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్ ఉంది. అది 1918లో కూనూరులో బెరిబెరి అనే జబ్బు మీద పరిశోధనతో మొదలైంది. ఎక్కువ పాలిష్ పట్టిన బియ్యమే తింటే, తవుడుతో పాటు బి1 విటమిన్ పోయి వచ్చే జబ్బు అది. 1958లో ఆ సంస్థ హైదరాబాద్‌కి వచ్చింది. వాళ్ళు ఈ ఇంప్రూవ్డ్ సాంబ మసూరి బియ్యాన్ని పరీక్షిస్తే గ్లైసీమిక్ ఇండెక్స్ 51 లోపే వచ్చింది. 55, అంతకంటే తక్కువ ఉంటే తక్కువ అని లెక్క. అంటే అన్నం తిన్నాక రక్తంలో చక్కెర కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. మా అమ్మకి షుగర్ ఉంది. ఈ మాట చెప్పగానే, "అయితే ఇంకో ముద్ద పెట్టుకోవచ్చు" అంది. అలా కాదు. ఎంత తింటున్నాం, దాంతో పాటు పప్పు, కూర ఎంత అన్నది ముఖ్యమే. మందులు కూడా మామూలుగానే వేసుకోవాలి.

మరి మా పొలంలో ఏమైంది? తర్వాతి వానాకాలానికి రాజేంద్రనగర్‌లో అడిగి పది కిలోల విత్తనం తీసుకెళ్ళాను. నాన్నకి నా మాట మీద నమ్మకం తగ్గింది, తప్పు లేదు. "మూడెకరాలల్ల వెయ్య, అరెకరంల చూస్త" అన్నారు. ఆయనే కరెక్ట్. కొత్త విత్తనం ఏదైనా ముందు కొంచెంలో, పాత రకం పక్కనే, ఒకే ఎరువు, ఒకే నీళ్ళతో వేసి చూడాలి. అప్పుడే తేడా తెలుస్తుంది.

ఆ ఏడాది గాలివానలు లేవు, తెగులూ రాలేదు. కోతలప్పుడు నాన్న, "రెండూ ఒక్కలెక్కనే ఉన్నయ్ గద" అన్నారు. అమ్మ వండి చూసి అన్నం కూడా ఒక్కటే అంది. కొంచెం నిరాశపడ్డాను కానీ, ఆలోచిస్తే అది మంచి రిజల్టే. గింజ, రుచి మారలేదు కాబట్టి మిల్లులో అదే ధర వచ్చింది.

మరుసటి ఏడాది ఎకరం వేశారు. అక్టోబర్‌లో తుఫాను గాలి కొట్టింది. పది రోజులకి నాన్న వీడియో కాల్ చేసి గట్టు మీద నిలబడి ఫోన్ అటూ ఇటూ తిప్పారు. ఒక పక్క బీపీటీ కొసలు ఎండుతున్నాయి. ఇంకో పక్క పచ్చగా ఉంది, అక్కడక్కడా కొసన చిన్న మచ్చ పడి ఆగిపోయింది. ఆయన ఏమీ మాట్లాడలేదు, రెండు వైపులా రెండుసార్లు చూపించి కట్ చేశారు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. అదే ఏడాది చివర్లో మెడవిరుపు వచ్చింది. అగ్గితెగులు అదే, బూజు వల్ల వస్తుంది. అది రెండు రకాల్నీ తాకింది. సుడిదోమ కూడా కాస్త కనిపించింది. ఈ మూడు జన్యువులు ఎండాకు తెగులుకి మాత్రమే. మిగతా వాటికి పొలం చూసుకోవాల్సిందే. "కొత్త విత్తనం వేస్తే ఏ తెగులూ రాదు" అని ఎవరైనా అమ్ముతుంటే నమ్మకండి. కొనేటప్పుడు సంచి మీద లేబుల్ చూడండి, రకం పేరు ఇంప్రూవ్డ్ సాంబ మసూరి లేదా ఆర్‌పీ బయో 226 అని ఉండాలి. బిల్లు తీసుకుని దాచుకోండి.

చివరిగా మీకు ఒక పని. ఇంటి నుంచి ఆకు ఫోటో వస్తే వెంటనే జవాబు చెప్పకండి. ముందు అడగండి. కింది ఆకా, పై ఆకా? అంచునా, ఆకంతానా? మడి అంతా ఒకేలా ఉందా, అక్కడక్కడానా? వానా గాలీ ఎప్పుడు వచ్చింది? చివరిసారి యూరియా ఎప్పుడు, ఎంత వేశారు? ఇంకో మూడు ఫోటోలు అడగండి, ఆకు ముందు వెనక, మొక్క మొత్తం, మడి మొత్తం. తర్వాత గ్లాసు పరీక్ష చేయించండి. అప్పటికీ తేలకపోతే మండలంలో వ్యవసాయ అధికారికి చూపించమనండి. "నాకు తెలీదు నాయినా, కనుక్కుని చెప్తా" అంటే మన పరువేం పోదు. ఆ రోజు నేను ఆ ఒక్క మాట అని ఉంటే యూరియా బస్తాలు ఇంట్లోనే ఉండేవి.

ఇప్పుడు కూడా నాన్న ఫోటోలు పంపుతూనే ఉంటారు. నిన్న ఒకటి వచ్చింది. ఈసారి ఆయనే ఫోటో కింద వాయిస్ మెసేజ్ పెట్టారు. "కింది ఆకులే బిడ్డా, అంచులకు ఏం లేదు, గ్లాసుల పెట్టి సూసిన, పొగ రాలే." జవాబు ఆయనకే తెలిసిపోయింది.

మీ ఊళ్ళో ఎండాకు తెగులుకి ఏం చేస్తారో, ఏ రకం వేస్తారో కామెంట్‌లో రాయండి. ఈ ఎపిసోడ్ మీకంటే మీ ఇంట్లో వ్యవసాయం చేసేవాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది, వాళ్ళకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను, నమస్తే.